పెద్ద ఫైలు, పెద్ద రద్దీ: డౌన్‌లోడ్ సర్వర్ల సామర్థ్యం లెక్క

2008 జూన్ 17న ఫైర్‌ఫాక్స్ 3 బ్రౌజర్ విడుదలైంది. ఆ రోజును మొజిల్లా సంస్థ ‘డౌన్‌లోడ్ డే’గా ప్రకటించింది. 24 గంటల్లో అత్యధికంగా డౌన్‌లోడ్ అయిన సాఫ్ట్‌వేర్‌గా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కాలన్నది సంకల్పం. తీరా ముహూర్తం వేళకు జనం ఒక్కసారిగా వచ్చిపడటంతో మొజిల్లా వెబ్‌సైట్లే తెరుచుకోలేదు. అనుకున్న సమయం కంటే గంటకు పైగా ఆలస్యంగా లెక్కింపు మొదలైంది. ఆ తర్వాతి 24 గంటల్లో 80,02,530 డౌన్‌లోడ్లు జరిగాయి. రికార్డు దక్కింది.

ఈ అంకెను కాస్త విప్పి చూడాలి. విండోస్ కోసం తయారైన ఫైలు దాదాపు 7 మెగాబైట్లు. సగటున సెకనుకు 93 మంది దాన్ని తీసుకున్నారు. అంటే సెకనుకు 650 మెగాబైట్లు, బిట్లలో చెబితే 5.2 గిగాబిట్లు. అదే ఫైలు నకళ్లతో ప్రపంచమంతటా ఉన్న మిర్రర్ సర్వర్లు కలిసి మోస్తే ఇది మోయలేని బరువేమీ కాదు. ఆ 80 లక్షల మందీ రోజంతా సమంగా వచ్చి ఉంటే తొలి గంటలో అంత తడబాటు ఉండేది కాదు. కానీ జనం గేటు తీసిన నిమిషంలోనే వస్తారు.

పెద్ద ఫైళ్లను వేలమందికి, లక్షలమందికి అందించాలంటే సర్వర్‌కు ఎంత సామర్థ్యం ఉండాలి? కొన్ని దశాబ్దాల్లో ఈ ప్రశ్నకు గణిత శాస్త్రజ్ఞులు, ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లు, సినిమాలు పంచే కంపెనీలు తలో జవాబు చెప్పారు. వాటన్నిటినీ వరసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఇంటర్నెట్ లైను ఎంత లావుదన్నది ఈ లెక్కలో మొదటి మెట్టు మాత్రమే. రద్దీ గంటలో ఎంతమంది వస్తారు, వచ్చినవాళ్లు ఎంతసేపు ఉంటారు, పంపకుండానే పని జరిగిపోయే బైట్లు ఎన్ని... ఈ మూడూ తెలిస్తేనే లెక్క తేలుతుంది.

గంటకు ఎన్ని బిట్లు?

లైన్లను బిట్లలో అమ్ముతారు, ఫైళ్లను బైట్లలో కొలుస్తారు. ఒక బైట్‌కు ఎనిమిది బిట్లు. ఈ తేడా మరిచిపోతే లెక్క ఎనిమిది రెట్లు తప్పుతుంది. గిగాబిట్ లైను సెకనుకు 125 మెగాబైట్లు మోస్తుంది. అందులోనూ ప్రతి ప్యాకెట్‌కు అంటించే చిరునామాలు, అదుపు సమాచారం పోను ఫైలుకు మిగిలేది 118 మెగాబైట్ల చిల్లర.

తెలుగు రాష్ట్రాల్లో సర్వర్ రద్దీ అనగానే అందరికీ గుర్తొచ్చేది పరీక్షా ఫలితాల రోజు. అక్కడ ఒక్కో విద్యార్థికి పంపాల్సింది కొన్ని కిలోబైట్లే. కష్టమంతా లక్షల అభ్యర్థనలకు డేటాబేస్‌లో వెతికి జవాబు చెప్పడంలో ఉంటుంది. పెద్ద ఫైలు డౌన్‌లోడ్‌ది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన స్వభావం. అడిగేవాళ్లు తక్కువ, వెతకాల్సింది ఏమీ లేదు, కానీ ఇవ్వాల్సింది కొండంత. ఒకదానికి సరిపడే యంత్రం రెండోదానికి సరిపోతుందని అనుకోకూడదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏదో విశ్వవిద్యాలయం 4 గిగాబైట్ల పాఠాల వీడియో సంపుటిని విడుదల చేస్తోంది. తొలిరోజు 20,000 మంది తీసుకుంటారని అంచనా. మొత్తం 80 టెరాబైట్లు. 24 గంటలకు సమంగా పంచితే సెకనుకు 7.4 గిగాబిట్లు. ఆ 20,000 మందిలో 15 శాతం రాత్రి భోజనాల తర్వాత ఒకే గంటలో వస్తే? 3,000 మంది, 12 టెరాబైట్లు, సెకనుకు 26.7 గిగాబిట్లు. సగటుకు మూడున్నర రెట్లకు పైనే. ‘పది గిగాబిట్ల లైను తీసుకున్నాం, ఇంకా మిగులుతుంది’ అనుకున్నవాళ్లు దెబ్బతినేది ఈ గంటలోనే.

పైగా 26.7 అవసరమైతే 26.7 కొంటే చాలదు. క్యూల సిద్ధాంతంలోని ప్రాథమిక సూత్రం ప్రకారం లైను సగం నిండితే పని పూర్తవడానికి ఖాళీ లైనుతో పోలిస్తే రెట్టింపు సమయం పడుతుంది. 90 శాతం నిండితే పది రెట్లు. అందుకే రద్దీ గంటలో కూడా లైను మూడింట రెండు వంతులకు మించి నిండకుండా చూసుకోవడం మంచిది. అలా చూస్తే పై ఉదాహరణకు 40 గిగాబిట్లు కావాలి.

ఎంతమంది, ఎంతసేపు?

పెళ్లిలో బంతి భోజనాలు వడ్డించేవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. బంతికి వంద ఆకులు, ఒక్కో బంతి అరగంట. గంటకు రెండు వందల మంది తింటారు. ఒక్కొక్కరూ గంటసేపు కూర్చుంటే అవే ఆకుల మీద వందమందే తింటారు. వంటలు ఎన్ని ఉన్నా సరే, మిగతావాళ్లు పందిరి బయట నిలబడాల్సిందే. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని గణితపరంగా నిరూపించాడు. లోపల ఉన్నవాళ్ల సంఖ్య అంటే వచ్చే వేగాన్ని ఒక్కొక్కరు ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదే. సర్వర్ సామర్థ్యం గురించి ఎంత పెద్ద పుస్తకం తెరిచినా ఈ సూత్రం ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది.

దీన్ని 700 మెగాబైట్ల సీడీ ఫైలుకు వర్తింపజేద్దాం. 2004 నాటి మన దేశపు బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే బ్రాడ్‌బ్యాండే అంది. ఆ వేగంతో ఈ ఫైలు దిగడానికి ఆరు గంటలు పడుతుంది. ఇప్పటి 100 మెగాబిట్ల ఫైబర్ మీద 56 సెకన్లు. నిమిషానికి పదిమంది చొప్పున వస్తున్నారనుకుంటే, అందరికీ ఫైబర్ ఉన్నప్పుడు ఏ క్షణంలో చూసినా సర్వర్‌లో తొమ్మిదిమందే ఉంటారు. అందరిదీ 256 కిలోబిట్ల లైనైతే 3,650 మంది పోగవుతారు. విచిత్రమేమిటంటే రెండు సందర్భాల్లోనూ లైను మీద పడే బరువు ఒక్కటే, సెకనుకు 930 మెగాబిట్ల పైచిలుకు. మారింది కూర్చున్నవాళ్ల సంఖ్య ఒక్కటే.

ఒకప్పటి సర్వర్లు ఇక్కడే కుదేలయ్యేవి. అపాచీ సర్వర్ పాత పద్ధతిలో ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్‌ను కేటాయిస్తుంది. మార్చకుండా వదిలేస్తే దాని పరిమితి 256. లైను సగం ఖాళీగా ఉన్నా 257వ మనిషికి చోటుండదు. 1999లో డాన్ కెగెల్ అనే ప్రోగ్రామర్ ‘సీ10కే సమస్య’ అని దీనికి పేరు పెట్టి, ఒకే యంత్రం ఏకకాలంలో 10,000 మందికి సేవ చేయలేదా అని అడిగాడు. అది సాధ్యమేనని చెప్పడానికి వాల్‌నట్ క్రీక్ సీడీరామ్ సంస్థ ఎఫ్‌టీపీ సర్వర్‌ను చూపించాడు. ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ఆ సర్వర్ అప్పటికే గిగాబిట్ లైను మీద 10,000 మందిని ఒకేసారి మోస్తోంది. తర్వాత రష్యన్ ఇంజనీరు ఇగోర్ సిసోయెవ్ ఇదే సమస్య కోసం ఎంజిన్‌ఎక్స్ సర్వర్ రాసి 2004లో అందరికీ ఇచ్చాడు. కొద్ది ప్రాసెస్‌లు వేల కనెక్షన్లను చూసుకుంటూ, ఎవరి లైను సిద్ధంగా ఉంటే వాళ్లకు తర్వాతి ముక్క అందించడం దాని పద్ధతి. ఈ సమస్య నేడు చాలావరకు తీరింది. అయినా పాత అమరికలతో నడిచే సర్వర్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, విడుదలకు ముందు కనెక్షన్ల పరిమితి ఎంతుందో ఒకసారి తెరిచి చూసుకోవాలి.

డిస్కు నుంచి తీగ దాకా

నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్కు ఒకే ఫైలును వరసగా చదివితే సెకనుకు 150 మెగాబైట్లకు పైగా ఇస్తుంది. గిగాబిట్ లైనుకు అది చాలు. అదే డిస్కును వందమంది వంద వేర్వేరు ఫైళ్లు అడిగితే డేటా చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. సెకనుకు వంద పరుగులకు మించి తీయలేదు. పరుగుకు 64 కిలోబైట్ల చొప్పున చదివితే సెకనుకు దక్కేది 6.4 మెగాబైట్లు, అంటే 51 మెగాబిట్లు. గిగాబిట్ లైను ఉండి ఏం లాభం?

అందుకే లైను కొనడానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఒకే ఫైలును లక్షమంది అడుగుతారా, లక్ష ఫైళ్లను ఒక్కొక్కరు ఒక్కొక్కటి అడుగుతారా? మొదటి సందర్భంలో ఫైలు ఒకసారి మెమరీలోకి వచ్చిందంటే మళ్లీ డిస్కు జోలికి వెళ్లే పనే లేదు. రెండోదానికి చక్కటి ఉదాహరణ తెలుగు పాఠకులకు బాగా తెలిసిందే. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వంటి సంస్థలు పాలుపంచుకున్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఒక్కో పుస్తకం పదుల మెగాబైట్లు. ఒకరికి పాత వ్యాకరణం కావాలి, ఇంకొకరికి 1930ల నాటి నవల. ఏ రెండు అభ్యర్థనలూ కలవవు. అలాంటి గ్రంథాలయానికి మెమరీ పెంచినా ఫలితం కొంతవరకే. ఎక్కువ డిస్కులు పెట్టి పని పంచాలి, లేదా ముల్లే లేని ఎస్‌ఎస్‌డీలకు మారాలి.

డిస్కు దాటాక కూడా దారిలో ఇరుకు చోట్లున్నాయి. మామూలుగా ఫైలు డిస్కు నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నెల్‌కు, అక్కణ్నుంచి ప్రోగ్రాంకు, మళ్లీ కెర్నెల్‌కు, చివరికి నెట్‌వర్క్ కార్డుకు చేరుతుంది. 1990ల చివర్లో వచ్చిన ‘సెండ్‌ఫైల్’ సదుపాయం ఈ మధ్య ప్రయాణాన్ని తీసేసింది. తర్వాత ప్రతి బైటునూ గుప్తీకరించే హెచ్‌టీటీపీఎస్ రాజ్యమేలడంతో ఆ లాభం పోయింది. దాన్ని తిరిగి సంపాదించిన తీరు నెట్‌ఫ్లిక్స్ అనుభవంలో కనిపిస్తుంది. 2017లో ఒకే సర్వర్ నుంచి 100 గిగాబిట్లు పంపగలిగామని ఆ సంస్థ ప్రకటించింది. 2021కల్లా 400 గిగాబిట్లకు చేరింది. అక్కడ అడ్డుపడింది లైనూ కాదు, ప్రాసెసర్ వేగమూ కాదు. గుప్తీకరణ ప్రాసెసర్‌తో చేయిస్తే ప్రతి బైటూ మెమరీని నాలుగుసార్లు దాటాలి. 400 గిగాబిట్లంటే 50 గిగాబైట్లు, నాలుగుసార్లంటే 200 గిగాబైట్లు. వాళ్ల యంత్రపు మెమరీ అంత వేగాన్ని ఇవ్వలేదు. గుప్తీకరణ పనిని నెట్‌వర్క్ కార్డుకే అప్పగించి ఆ నాలుగును రెండుకు తగ్గించాకే గమ్యం చేరారు.

దూరం చేసే మోసం

సర్వర్‌లో అన్నీ సరిగ్గా ఉన్నా ఫైలు నత్తనడక నడవచ్చు. ఇంటర్నెట్ మీద డేటాను చేరవేసే టీసీపీ పద్ధతిలో సర్వర్ కొంత డేటా పంపి, ‘అందింది’ అన్న కబురు కోసం ఆగుతుంది. హైదరాబాద్ నుంచి అమెరికాకు వెళ్లి రావడానికి సెకనులో నాలుగో వంతు పడుతుందనుకుందాం. ఒక విడతకు 64 కిలోబైట్లే పంపేలా అమరిక ఉంటే వేగం సెకనుకు 2 మెగాబిట్లు దాటదు. ఇంట్లో 100 మెగాబిట్ల లైను ఉన్నా అంతే. ఆ వంద మెగాబిట్లూ వాడుకోవాలంటే విడతకు 3 మెగాబైట్లకు పైగా దారిలో ఉండాలి. అంత డేటానూ కబురు అందేదాకా సర్వర్ తన మెమరీలో దాచుకోవాలి. వెయ్యి మందికి 3 గిగాబైట్లు, పదివేల మందికి 30. ఈ ఖర్చు చాలా ప్రణాళికల్లో కనిపించదు. పక్క గదిలోని కంప్యూటర్ నుంచి పరీక్షిస్తే అసలు బయటపడదు.

పంచుకుని మోయడం

ఒక్కచోటి నుంచి అందరికీ పంపడం కంటే అందరికీ దగ్గరగా నకళ్లు ఉంచడం మేలని లినక్స్ లోకం మొదట్లోనే గ్రహించింది. మన దేశంలో ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాస్ వంటి సంస్థలు లినక్స్ మిర్రర్లు నడిపాయి. 2001లో బ్రామ్ కోహెన్ తెచ్చిన బిట్‌టొరెంట్ ఇంకో అడుగు ముందుకేసి, తీసుకునే ప్రతివాణ్నీ ఇచ్చేవాడిగా మార్చింది. రద్దీ పెరిగేకొద్దీ సామర్థ్యం కూడా పెరిగే పద్ధతి ఇది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2012లో తన లక్షలాది ఫైళ్లకు టొరెంట్లు జోడించింది.

1998లో ఎంఐటీ గణితజ్ఞుడు టామ్ లేటన్, విద్యార్థి డానీ లెవిన్ స్థాపించిన అకమై ఇదే ఆలోచనను వ్యాపారంగా మలిచింది. నేడు సీడీఎన్ అని పిలిచే పంపిణీ వలయాలన్నిటికీ దారి వేసిన సంస్థల్లో అది ముందుంది. ఏ సీడీఎన్ అయినా ఊరూరా నకళ్లు పెట్టి, లేనిదానికి మాత్రమే మూల సర్వర్ దగ్గరికి వస్తుంది. ఇక్కడ ఒక అంకె మీద కన్నేసి ఉంచాలి. మన విశ్వవిద్యాలయం ఉదాహరణలో 98 శాతం నకళ్ల నుంచే వెళ్తే మూల సర్వర్ మీద పడేది అర గిగాబిట్ పైచిలుకే. అది 95 శాతానికి జారితే 1.3 గిగాబిట్లు. పైకి మూడు శాతమే తగ్గినట్టుంటుంది, కింద బరువు రెండున్నర రెట్లవుతుంది. విడుదల క్షణంలోనైతే ఏ నకలూ నిండి ఉండదు, అన్ని ఊళ్ల నుంచీ ఒకేసారి అడుగుతారు. ముందురోజే ఫైలును నకళ్లలోకి ఎక్కించడం దీనికి విరుగుడు. నెట్‌ఫ్లిక్స్ చేసేది ఇదే. రద్దీ లేని వేళల్లో తన సర్వర్లను కొత్త వీడియోలతో నింపుకుంటుంది.

తెలుగువాళ్లకు దగ్గర్లో నకళ్లు పెట్టే చోట్లకు ఇప్పుడు కొదవ లేదు. హైదరాబాద్‌లో ఇంటర్నెట్ కంపెనీలు ట్రాఫిక్ ఇచ్చిపుచ్చుకునే నిక్సీ ఎక్స్‌చేంజ్ ఉంది, 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్ కేంద్రం కూడా నడుస్తోంది.

రద్దీని మలచడం

బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ తొలిరోజుల ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 దాకా అపరిమితంగా వాడుకునే వెసులుబాటు ఉండేది. పెద్ద ఫైళ్లు కావలసినవాళ్లు అర్ధరాత్రి దాటాక డౌన్‌లోడ్ పెట్టి పడుకునేవాళ్లు. ఖాళీ వేళకు జనాన్ని మళ్లించడం కూడా సామర్థ్య ప్రణాళికే. యాపిల్ యాప్ స్టోర్‌లో దశలవారీ విడుదల ఎంచుకుంటే కొత్త వెర్షన్ తొలిరోజు 1 శాతం మందికి, తర్వాత 2, 5, 10, 20, 50 శాతాలకు, ఏడో రోజు అందరికీ చేరుతుంది. డెబియన్, ఉబుంటు కంప్యూటర్లు రోజువారీ అప్‌డేట్లను ఒకే నిమిషంలో అడగకుండా 12 గంటల వ్యవధిలో తలో సమయానికి చెదరగొడతాయి.

పంపాల్సిన బైట్లనే తగ్గించడం అన్నిటికంటే చవక. 2009లో గూగుల్ క్రోమ్ బృందం ఇచ్చిన లెక్క చూడండి. ఒక అప్‌డేట్ పూర్తి ఫైలు 10 మెగాబైట్లు. మారిన భాగాన్ని మామూలు పద్ధతిలో తీస్తే 700 కిలోబైట్లు. ‘కోర్‌జెట్’ అనే కొత్త పద్ధతిలో 78 కిలోబైట్లు. వంద రెట్లకు పైగా పొదుపు ఇది. ఏ సర్వర్ కొన్నా ఇంత లాభం రాదు. ఆగిన చోటి నుంచి కొనసాగించే రేంజ్ సదుపాయం కూడా ఇలాంటిదే. 3.9 గిగాబైట్లు దిగాక కరెంటు పోయినవాడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే, ఒక్క మనిషికి రెండు ఫైళ్లు పంపినట్టే.

ఖర్చు, పరీక్ష

క్లౌడ్‌లో బయటికి వెళ్లే ప్రతి గిగాబైట్‌కూ వెల ఉంటుంది. అమెజాన్ అమెరికా కేంద్రాల్లో చాలాకాలంగా ఉన్న ధర మొదటి 10 టెరాబైట్లకు గిగాబైట్‌కు 9 సెంట్లు, ఆపైన కొంత తక్కువ. పై ఉదాహరణలోని 80 టెరాబైట్లకు ఆరు వేల డాలర్లు దాటుతుంది. డేటా సెంటర్లలో ఇంకో పద్ధతి ఉంది. ప్రతి ఐదు నిమిషాలకూ వాడకం కొలిచి, నెలాఖరున అత్యధికమైన 5 శాతం కొలతలను వదిలేసి, మిగిలినవాటిలో పెద్దదానికి బిల్లు వేస్తారు. 30 రోజుల నెలలో ఆ 5 శాతం సరిగ్గా 36 గంటలు. విడుదల హడావిడి ఒకటిన్నర రోజులో సద్దుమణిగితే ఆ శిఖరం బిల్లులోకే రాదు. ఏ పద్ధతిలో కొంటున్నారో తెలియకుండా ఎంత కొనాలో నిర్ణయించడం సాధ్యం కాదు.

ఇవన్నీ కాగితం మీద కుదిరాక పరీక్ష పెట్టాలి. నెమ్మది లైన్లు, దూరం, మధ్యలో తెగిపోయే కనెక్షన్లు ఆ పరీక్షలో ఉండాలి. అనుకోని దిక్కు నుంచి వచ్చే రద్దీ కూడా ఉండాలి. 2019 జూలైలో భారత్, న్యూజిలాండ్ ప్రపంచకప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. రద్దీ నిమిషాల్లో పెరుగుతుంది కాబట్టి ఆ బృందం అప్పటికప్పుడు సర్వర్లు చేర్చే పద్ధతిని నమ్ముకోలేదు. ఎంతమందికి ఎన్ని సర్వర్లో ముందే మెట్లుగా రాసి పెట్టుకుంది. ధోనీ రనౌట్ కాగానే ప్రేక్షకుల సంఖ్య కోట్ల నుంచి లక్షలకు పడిపోయింది. వీడియో సర్వర్ల మీద బరువు తగ్గింది, కానీ వెనక్కి నొక్కినవాళ్లంతా హోం పేజీ మీదికి ఒక్కసారిగా వచ్చిపడ్డారు. జనం వెళ్లిపోయేటప్పుడు కూడా తొక్కిసలాట ఉంటుందని ముందే ఊహించారు కాబట్టి ఆ పేజీ నిలబడింది.

తెలుగు రాష్ట్రాల్లో విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ప్రభుత్వ శాఖలు పెద్ద ఫైళ్లను జనానికి ఇవ్వడం ఏటేటా పెరుగుతోంది. అలాంటి పని తలపెట్టే ప్రతి సంస్థా మూడు అంకెలు రాసుకోవాలి: రద్దీ గంటలో వచ్చేవాళ్ల సంఖ్య, నెమ్మది లైనువాళ్లకు పట్టే సమయం, ఫైలును ఎంత చిన్నది చేయవచ్చు అన్నది. లింకు ఉండే పేజీని ఫైళ్ల సర్వర్‌కు దూరంగా, వేరే యంత్రం మీద పెట్టాలి. రేంజ్ సదుపాయం పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. ఒక మిర్రర్, ఒక టొరెంట్ జోడించాలి. ఈ లెక్కంతా ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. విడుదల తేదీని పత్రికలకు ఇచ్చేముందే ఆ సాయంత్రం కేటాయించండి.